మిద్దె తోట, ఇల్లు, రోజుకు రెండు వాక్యాలు

మీరు అడిగిన విషయాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, ఎందుకంటే అందులో రెండు మూడు ప్రశ్నలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. మీరు హైదరాబాదులో ఉంటున్నారు. ఇద్దరు పిల్లలు, అత్తగారు, మీ వారు, మీ ఉద్యోగం. రెండేళ్ళ క్రితం మిద్దె మీద పెట్టిన కుండీలు ఇప్పుడు నలభై దాకా అయ్యాయి. తోట గురించి రోజూ నాలుగు వాక్యాలు రాసుకోవాలని మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ రెండో వారం దాటకుండానే ఆపేశారు. "ఏం రాయాలో తోచదు, తోచిన రోజున తీరిక ఉండదు, రెండు రోజులు తప్పితే ఇక పుస్తకం ముట్టబుద్ధి కాదు" అన్నారు. దీనితోపాటు జూన్‌లో వేసిన చిక్కుడు పాదుకు మూడు నెలలైనా ఆకులే తప్ప పువ్వు లేదనీ, దాన్ని పీకేసి వేరేది వేద్దామని మీ వారు అంటున్నారనీ రాశారు. చిక్కుడు సంగతి చివర్లో చెబుతాను. అప్పటిదాకా దాని జోలికి వెళ్ళకండి.

నేను రాజమహేంద్రవరంలో ఉంటాను. బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. తోట పుస్తకం పట్టి ఇది పంతొమ్మిదో ఏడు. అందులో మొదటి మూడేళ్ళూ అచ్చం మీలాగే గడిచాయి. ఉగాదికి కొత్త పుస్తకం కొనడం, శ్రీరామనవమి పానకం తాగే నాటికి రాయడం మానేయడం. ఆ మూడు పుస్తకాలూ ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. మొదటి పేజీలో సూర్యోదయం గురించీ, మందార మొగ్గ మీది మంచు బిందువు గురించీ పెద్ద పెద్ద వాక్యాలు ఉంటాయి. ఎనిమిదో పేజీకి వచ్చేసరికి "మామూలే" అన్న ఒక్క మాట. పదకొండో పేజీలో తేదీ మాత్రమే ఉంటుంది.

ఎందుకు ఆగిపోయానో చాలా రోజుల తర్వాత అర్థమైంది. రాయకపోతే ఎవరికీ ఏ ఇబ్బందీ కలగని పని ఇంట్లో ఎక్కువ కాలం నిలవదు. రాత్రి ఎంత అలసిపోయినా పాలు తోడు పెట్టకుండా పడుకోము, ఎందుకంటే మర్నాడు పెరుగు ఉండదు, భోజనాల దగ్గర నలుగురూ అడుగుతారు. దానికి పట్టుదల అక్కరలేదు, రేపటి అవసరమే మనతో చేయిస్తుంది. తోట పుస్తకం కూడా అలా తోడు పెట్టడం లాంటి పని అయితేనే నడుస్తుంది. అంటే ఈ రోజు రాసిన రెండు వాక్యాల మీద రేపటి నీళ్ళో, రేపటి కూరో, ఎవరో ఒకరి పనో ఆధారపడి ఉండాలి. నేను చెప్పబోయే ఏర్పాట్లన్నీ దీని కోసమే.

మొదట చేయవలసింది పుస్తకాన్ని పడకగది నుంచి బయటికి తేవడం. రాత్రి మంచం మీద కూర్చుని రాసేవారికి తోట అప్పటికే చాలా దూరంగా ఉంటుంది. పొద్దున ఏం చూశారో గుర్తుకు తెచ్చుకోవాలి, అది మరో హోంవర్కు. నా పుస్తకం మిద్దె మెట్ల దగ్గర, కుళాయికి పైన ఉన్న గూట్లో, పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది. దానికి పురికొసతో ఒక పెన్సిలు కట్టి ఉంటుంది. పెన్ను వద్దు. తడి చేతులతో పట్టుకుంటే సిరా అలుక్కుపోతుంది, పెన్సిలు రాత నీటి చుక్క పడినా నిలుస్తుంది. నీళ్ళు పోయడం అయిపోయి, కుళాయి కట్టేసి, చేతులు చీర కొంగుకు తుడుచుకుని, నిలబడే రాస్తాను. కూర్చుంటే వాక్యాలు పెరుగుతాయి, వాక్యాలు పెరిగితే రేపు కూర్చోవడానికి బద్ధకం వేస్తుంది. మీరు నాలుగు వాక్యాలు అనుకున్నారు, రెండు చాలు. మూడోది రాయాలనిపించినా మొదటి రెండు నెలలూ రాయకండి.

ఫోనులో రాసుకోవచ్చు కదా అని మీ తరం వారు అడుగుతారు. రాసుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ రెండు వాక్యాల కోసం ఫోను తీసిన మనిషి బడి గ్రూపులో వచ్చిన సందేశం చూసి, దానికి జవాబిచ్చి, పాలు పొంగిన చప్పుడుకు కిందికి పరుగెత్తడం మా ఇంట్లోనే చూశాను. వారానికొకసారి ఒకే చోట నిలబడి ఒక ఫొటో తీసుకోవడానికి మాత్రం ఫోను చాలా మంచిది.

అలవాటు పడటానికి ఇరవై ఒక్క రోజులు చాలని చాలామంది అంటారు, మన పెద్దవాళ్ళు మండలం అంటారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ, ఆమెతో పనిచేసినవారు 96 మందిని పరిశీలించి 2009లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఒక పని దానంతట అదే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. అందులో మీకు ఎక్కువ పనికివచ్చే మాట మరొకటి ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటానికి పెద్ద అడ్డంకి కలగలేదు. మీరు రెండో వారంలో ఆపేయడానికి కారణం తప్పిన ఆ రెండు రోజులు కావు, తప్పిపోయాయన్న బాధ. దాని గురించి కింద మళ్ళీ చెబుతాను.

పుస్తకం ఎలాంటిది అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, నా అనుభవంలో సగం విజయం అక్కడే ఉంది. నాలుగు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి కొనండి. ఒక ఆదివారం పిల్లలను కూర్చోబెట్టి, ప్రతి పేజీ పైన ఒక తేదీ వేయించండి. జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా, ఫిబ్రవరి 29తో కలిపి 366 పేజీలు. సంవత్సరం వేయకూడదు. మిగిలిన పేజీలు విత్తనాల లెక్కకు ఉంచండి. ఈ ఏడు సెప్టెంబరు 10న రాసే రెండు వాక్యాలు ఆ పేజీలో పై అయిదు వరుసల్లో ఉంటాయి, పక్కన సంవత్సరం వేస్తారు. వచ్చే ఏడు అదే తేదీన రాసేది సరిగ్గా దాని కింద పడుతుంది. ఒక పుస్తకం ఆరేళ్ళు వస్తుంది. నాకు ఇప్పుడు మూడో పుస్తకం నడుస్తోంది.

దీనివల్ల ఏమవుతుందంటే, రెండో ఏడు నుంచి మీరు ఖాళీ పేజీ ముందు నిలబడరు. పైన పోయిన ఏడు మీరే రాసిన మాట కనిపిస్తుంది. "తోటకూర చల్లాను, మూడో రోజుకు మొలక వచ్చింది" అని ఉంటే, ఈ ఏడు ఇంకా చల్లలేదే అని గుర్తొస్తుంది. "కనకాంబరానికి పిండినల్లి" (దూదిలా అంటుకునే తెల్ల పురుగు) అని ఉంటే చేయి దానంతట అదే కనకాంబరం ఆకు తిప్పి చూస్తుంది. మొదటి ఏడాదే కష్టం, ఎందుకంటే అప్పుడు పుస్తకం మీ దగ్గర తీసుకోవడమే తప్ప మీకేమీ ఇవ్వదు. ఆ ఏడాది దాటించవలసింది ఇంట్లోని మనుషులు, అది తర్వాత చెబుతాను.

ఈ పద్ధతి ఎంత దాకా పనికివస్తుందో ఒక ఉదాహరణ. మా పిట్టగోడకు ఉత్తరం వైపు ఒక వరుస కుండీలు ఉన్నాయి. అక్కడ బంతి నాటితే ఒకసారి గుత్తులు గుత్తులుగా పూసేది, మరోసారి కాడలు సాగి పడిపోయేది. మట్టి మార్చాను, ఎరువు మార్చాను, విత్తనం అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. నాలుగేళ్ళ రాతలు ఒకదాని కింద ఒకటి చూసుకున్నాక తెలిసింది, తేడా అంతా నెలలోనే ఉంది. మన ప్రాంతంలో సూర్యుడు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరపు గోడకు ఎండ తగులుతుంది, మిగతా ఏడంతా అక్కడ చాలావరకు గోడ నీడే. మీ హైదరాబాదులో మే 9కీ, ఆగస్టు 3కీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా నిటారుగా నిలబెట్టిన కర్రకు మధ్యాహ్నం నీడ ఉండదు. పిల్లలకు చూపించండి, వాళ్ళు ఆ పేజీలో తామే రాస్తారు. ఉత్తరాయణం, దక్షిణాయనం అని పంచాంగంలో చదవడమే గానీ అది బంతి మొక్కకు వర్తిస్తుందని నాకు అంతవరకూ తట్టలేదు.

ఇక ఏం రాయాలి అన్న ప్రశ్న. "నీళ్ళు పోశాను, కలుపు తీశాను" అని రోజూ రాస్తే పదో రోజుకు మీకే విసుగు వస్తుంది, అది సహజం. చేసిన పని కంటే చూసిన సంగతి రాయండి, అందులోనూ లెక్కపెట్టగలిగింది రాయండి. నలభై కుండీలనూ రోజూ చూడలేరు గనుక వారానికి ఒక మొక్కను ఎంచుకోండి. ఈ వారమంతా బెండ అనుకుంటే, మొదటి రోజు ఎన్ని మొగ్గలు, రెండో రోజు ఎన్ని విచ్చాయి, విచ్చిన పువ్వు ఎన్నో రోజుకు కోతకు వచ్చింది, ఇంతే. వారం తిరిగేసరికి బెండను రెండు రోజులకొకసారి కోయకపోతే ఎందుకు ముదిరిపోతుందో ఎవరూ చెప్పకుండానే మీకు తెలిసిపోతుంది.

నాకు ఇది నేర్పింది బీర పాదు. పాత పుస్తకంలో ఒక జూలై వారం ఇలా ఉంది: "బీర: మగపూలు 11, ఆడపూలు 1, వాడాయి." "మగపూలు 9, ఆడపూలు 2, వాడాయి." "ఆడపూలు 2, పిందెలు పసుపెక్కి రాలాయి." తీగ జాతి కూరల్లో ముందు మగపూలు వస్తాయనీ, వాటిని గొడ్డుపూత అంటారనీ, వెనుక చిన్న పిందెతో వచ్చేదే ఆడపువ్వు అనీ నాకు తెలుసు. కానీ అన్నీ విచ్చకముందే ఎందుకు వాడుతున్నాయో అంతుబట్టలేదు. ఒకరోజు సాయంత్రం కరెంటు పోయి, ఉక్క భరించలేక మిద్దె ఎక్కాను. మసక చీకట్లో పందిరి నిండా పసుపు పూలు విచ్చుకుని ఉన్నాయి. బీర పువ్వు సాయంత్రం విచ్చుతుంది. పొద్దున ఏడింటికి వెళ్ళే నేను ప్రతి రోజూ దాని ముడుచుకుపోయిన ముఖమే చూస్తూ వచ్చాను. సొర, పొట్ల కూడా చీకటి పడే వేళకే విచ్చుతాయి, కాకర మాత్రం తెల్లవారుజామున. ఎత్తు మిద్దెల మీదికి తేనెటీగలూ రెక్కల పురుగులూ తక్కువగా వస్తాయి కాబట్టి, ఆ సాయంత్రం ఒక మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాను. మూడో రోజుకు పిందె రాలలేదు, తల వంచుకుని కిందికి సాగింది. ఆ వారంలో నేను రాసిన అంకెలు లేకపోతే, పోయిన పిందెలన్నిటినీ ఏ పురుగుకో అంటగట్టి మందు కొట్టేదాన్ని.

వాన కూడా లెక్కపెట్టదగినదే. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బాను ఆరుబయట పెట్టి, పొద్దున స్కేలు ముంచి చూస్తే ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుంది. అది పిల్లల పని. తేదీతోపాటు కార్తె కూడా వేయించండి. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయన్న మాట, ఆ పేజీల్లో షేడ్ నెట్ ఎప్పుడు కట్టాలో చెబుతుంది. మీ అత్తగారికి ఇంగ్లీషు తేదీల కంటే కార్తెలే చప్పున గుర్తుంటాయని నా అంచనా.

ఇప్పుడు ఇంటి సంగతి. తోట పుస్తకాన్ని మీ ఒక్కరి సొంత వ్యవహారంగా ఉంచుకున్నంత కాలం, ఇంటి పనులన్నీ దానికి పోటీ వస్తాయి. దాన్ని ఇంటి లెక్కల పుస్తకంగా మార్చండి. మా ఇంట్లో దీనికి మొదలు ఒక గొడవ. మా అత్తగారు ఆరింటికే లేచి కుండీలకు నీళ్ళు పోసేవారు. మా వారు ఏడున్నరకు వ్యాయామం పేరుతో మళ్ళీ పోసేవారు. ఆదివారం నాడు ఎవరికి వారు అవతలివారు పోసి ఉంటారనుకునేవారు. టమాటా కాయల అడుగున నల్లటి మచ్చలు పడి కుళ్ళడం మొదలైంది. కాల్షియం తక్కువ అని ఎవరో చెప్తే గుడ్డు పెంకుల పొడి వేశాను. అది మట్టిలో కరిగి వేరుకు అందడానికి ఎంతో కాలం పడుతుందని అప్పుడు తెలియదు. పుస్తకంలో ఎవరు ఎప్పుడు నీళ్ళు పోశారో పది రోజులు రాయించాక అసలు విషయం బయటపడింది. రెండు రోజులు చిత్తడి, ఒక రోజు ఎండు. మట్టిలో కాల్షియం ఉన్నా, నీరు ఒక తీరుగా అందకపోతే అది కాయ చివరిదాకా చేరదు. తప్పు ఎవరిదీ కాదు, అందరూ శ్రద్ధగానే పోశారు.

దానికి మేము కనిపెట్టిన ఉపాయం ఒక ఎర్ర గాజు. నీళ్ళు పోసినవారు ఆ గాజును కుళాయికి తగిలించాలి. సాయంత్రం దీపం పెట్టే వేళకు దాన్ని తీసి మళ్ళీ మేకుకు వేలాడదీయాలి. గాజు కుళాయికి ఉంటే ఇంకెవరూ నీళ్ళు ముట్టకూడదు, కావాలంటే వేలు రెండో కణుపు దాకా మట్టిలో దింపి చూసి, పొడిగా తగిలిన కుండీకి మాత్రం పోయవచ్చు. చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ, ఆ గాజు వల్ల మా ఇంట్లో అత్తాకోడళ్ళ మాటలు ఎన్ని తగ్గాయో చెప్పలేను. మీ ఇంట్లో గాజుకు బదులు ఇంకేదైనా పెట్టుకోండి.

మీ అత్తగారు తోట పట్ల పైకి విసుక్కుంటారని రాశారు. ఆవిడ పల్లెలో పెరిగిన మనిషి అని కూడా మీరే రాశారు. నెల మొదటి తేదీన పావుగంట ఆవిడ పక్కన కూర్చుని, పోయిన నెల రాసినవి చదివి వినిపించి చూడండి. సలహా అడగవద్దు, ఊరికే చదవండి. "మెంతులు ఇరవై రెండో రోజున కోశాను" అని మీరు చదవగానే, "అంత ముదరనిస్తారా, చేదెక్కిపోదూ" అంటారు. ఆ మాటను ఆవిడ ఎదుటే, ఆవిడ అన్నట్టుగానే, ఆ పేజీలో రాయండి. తన మాట పుస్తకంలోకి ఎక్కిందని చూసిన మనిషి మర్నాడు మీరు రాయకపోతే ఊరుకోరు. మా అత్తగారు వెళ్ళిపోయి ఏడేళ్ళు దాటింది. అయినా ఇప్పటికీ ధనియాలు అరచేత్తో నలిపి రెండు బద్దలు చేయకుండా చల్లబోయినప్పుడల్లా ఒక నవంబరు పేజీలోంచి ఆవిడ నన్ను కేకలేస్తూనే ఉంటారు.

పిల్లల విషయంలో ఒక జాగ్రత్త. రోజూ రాయమని బలవంతం చేస్తే అది వాళ్ళకు శిక్ష అవుతుంది. వారంలో ఒక రోజు పేజీ వాళ్ళది అని వదిలేయండి, బొమ్మ వేసినా సరే. మా మనవడు ఆరేళ్ళప్పుడు కరివేపాకు మొక్క దగ్గర కూర్చుని "ఆకు మీద పిట్ట రెట్ట నడుస్తోంది" అని కేక వేశాడు. వెళ్ళి చూస్తే అది గొంగళి. నిమ్మ, కరివేపాకు మీద పెరిగే సీతాకోకచిలుక పిల్ల చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలాగే ఉంటుంది, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో ముట్టుకుంటే తల వెనుక నుంచి నారింజరంగు కొమ్ముల్లాంటివి బయటికి తీసి ఘాటైన వాసన వదిలింది. వాడు రెండు గొంగళ్ళను ఆకులతో సహా గాజు సీసాలో పెట్టి, మూతకు బదులు పలుచని గుడ్డ కట్టి, రోజూ ఎన్ని ఆకులు తిన్నాయో లెక్కపెట్టి రాశాడు. గూడు కట్టిన పది రోజులకు ఒకటి రెక్కలు తడిగా బయటికి వచ్చింది. రెండోది రాలేదు, దాన్నీ రాశాడు. మొక్క చిన్నదైతే గొంగళ్ళు ఆకులన్నీ ఊడ్చేస్తాయి కాబట్టి అన్నిటినీ ఉంచలేము. చేత్తో ఏరి తీసేస్తే సరిపోతుంది, మందు అవసరం లేదు.

మీ వారికి బరువు పనులు అప్పజెప్పండి, పుస్తకంలో వాటికీ ఒక వరుస ఇవ్వండి. ముఖ్యంగా కుండీలు శ్లాబు మీద నేరుగా కూర్చోకుండా కింద ఇటుకలో, స్టాండ్లో ఉండాలి. పెద్ద తొట్లు గోడలూ దూలాలూ ఉన్న వైపే పెట్టాలి. మూడు నెలలకొకసారి వాటిని జరిపి కింద చెమ్మ ఉందేమో చూసిన తేదీ రాయాలి. నేను మూడో ఏట ఈ నిర్లక్ష్యం చేసే కింది గది పైకప్పుకు చెమ్మ తెచ్చుకున్నాను, దాన్ని బాగు చేయించడానికి అయిన ఖర్చుతో పదేళ్ళ కూరగాయలు కొనుక్కోవచ్చు.

రాసిన దానికి వంటింట్లో పని ఉండాలి అన్నాను కదా. నా రెండో వాక్యం చాలా రోజులు రేపటి గురించే ఉంటుంది: "రేపు గోంగూర రెండు కట్టలు వస్తుంది", "ఎల్లుండికి వంకాయలు ఆరు". దాన్ని చూసే రేపు ఏం వండాలో తేలుతుంది, బజారు నుంచి ఏం తేనక్కర్లేదో తెలుస్తుంది. ఇది మొదలైన నెల రోజులకు, నేను ఊళ్ళో లేని రోజున మా వారు ఫోను చేసి "నిన్న నువ్వేం రాయలేదు, ఇవాళ ఏం కోయమంటావు" అని అడిగారు. ఆ ఫోను వచ్చిన రోజునే పుస్తకం నిలబడిందని నాకు నమ్మకం కలిగింది.

ఇక తప్పిన రోజుల సంగతి. వాటిని వెనక్కి వెళ్ళి నింపకండి. గుర్తులేని రోజును ఊహించి రాస్తే ఆ పుస్తకం మీద మీకే నమ్మకం పోతుంది, రెండేళ్ళ తర్వాత ఏది చూసి రాసిందో, ఏది కల్పించిందో తెలియదు. ఖాళీ వదిలి, ఈ రోజు తేదీకి వచ్చేయండి. పేజీకి ఒక తేదీ పద్ధతిలో ఇంకో సౌకర్యం ఉంది. తప్పిన రోజుల పేజీలు వెనుక ఉండిపోతాయి, రాస్తున్న పేజీలో కనిపించవు. మా వారికి గుండె ఆపరేషన్ జరిగిన ఏడు, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నా పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. తోట కూడా చాలావరకు పోయింది, కలబంద, గోంగూర, పక్కింటావిడ నీళ్ళు పోసిన మల్లె మిగిలాయి. జనవరిలో మళ్ళీ మిద్దె ఎక్కిన రోజున ఏం జరిగిందో ఏమీ రాయలేదు. "మల్లె కొమ్మలు కత్తిరించాను, ఆకు దూశాను" అని మాత్రం రాశాను. మల్లెకు ఆ పని జనవరిలో చేసి కొన్నాళ్ళు నీళ్ళు తగ్గిస్తేనే మార్చికి మొగ్గ బాగా వస్తుంది, ఆలస్యం చేయడానికి లేదు.

ఊరికి వెళ్ళే రోజులకు ముందే ఏర్పాటు ఉండాలి. మన ఇళ్ళలో సంక్రాంతికి నాలుగు రోజులు తాళం పడటం మామూలే. వెళ్ళే ముందు రోజు చిన్న కుండీలన్నీ నీడకు చేర్చి ఒకదాన్నొకటి ఆనించి పెట్టండి, మట్టి మీద ఎండుటాకులు పరవండి, బాగా తడపండి. చలికాలంలో నాలుగు రోజులకు చాలా మొక్కలు తట్టుకుంటాయి. పెద్ద తొట్లకు ఎవరినైనా ఒక్కసారి రమ్మంటే చాలు. వారికి చెప్పవలసినవి నోటితో కాక పుస్తకంలో ఆ తేదీ పేజీలోనే రాసి పెడితే, వారు కూడా కింద ఒక వాక్యం రాసి వెళతారు. వేసవిలో మాత్రం ఈ ధైర్యం చేయకండి.

ఇప్పుడు చిక్కుడు. మన పాత తీగ చిక్కుడు రకాలు పగటి పొద్దు తగ్గి, రాత్రి పెరిగితే తప్ప పూతకు రావు. జూన్‌లో వేసినా, ఆగస్టులో వేసినా పూత దాదాపు ఒకే కాలంలో, చలి మొదలయ్యే వేళకు వస్తుంది. ముందు వేసిన పాదు ఆ మూడు నెలలూ ఆకు పెంచుకుంటూ పందిరి ఎక్కుతుంది, అంతే. పొద చిక్కుడు రకాలకు ఈ నియమం లేదు, అవి ఏ కాలంలోనైనా పూస్తాయి. మీది పందిరి అంతా అల్లుకుందని రాశారు గనుక తీగ రకమే. ఇప్పుడు నత్రజని ఎక్కువగా ఉండే ఎరువులు ఆపండి, పచ్చి పేడనీళ్ళు కూడా వద్దు. కుండీలో మట్టి గుల్ల చేయండి. మరీ చిక్కగా అల్లుకున్న చోట ముదురు ఆకులు కొన్ని తీసి గాలి ఆడనివ్వండి. పూత గుత్తులు కనిపించిన నాటి నుంచి లేత చివర్లకు నల్లటి పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగుల గుంపు) పడుతుంది, అంతకు ముందే చీమలు బారులు తీరి తీగ ఎక్కడం చూస్తారు. చీమలు కనిపించిన రోజు తేదీ వేసుకోండి. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగున తగిలేలా కొట్టి, వారం ఆగి మళ్ళీ కొట్టండి.

మీ వారికి చెప్పండి, దీపావళి వెళ్ళిన రెండు మూడు వారాల దాకా గడువు ఇవ్వమని. పుస్తకంలో నవంబరు పేజీల్లో ఒకచోట ఆయన చేతే "చిక్కుడు పూసిందా?" అని ముందుగానే రాయించి ఉంచండి. ఆ పేజీ దగ్గరికి వచ్చిన రోజున జవాబు ఆయనే రాస్తారు.